ఎడమ అంచున దేవిప్రియ, గీత అవతల తాయమ్మాళ్

అవినాశి నుంచి తిరుప్పూరు పోయే దారిలో ఎవరినైనా ఆపి, దేవిప్రియ ఎంత వేగంగా పరిగెత్తుతుందని అడగండి. మొదటివాడు మినీబస్సును దాటేసిందంటాడు. రెండోవాడు ఆ మినీబస్సులో తానే ఉన్నానంటాడు. మూడోవాడు ఇంకో మెట్టు ఎక్కి, తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో పాలక్కాడు కనుమ దాటి వచ్చే గాలి అవినాశి చేరేసరికి ఆ పిల్ల అప్పటికే చేరిపోయి కుండలో నీళ్ళు తాగుతూ ఉండేదంటాడు. వీటిలో మినీబస్సు సంగతి మాత్రం నిజం. ఆ రోజు దాని టైరు పంచరై రోడ్డు పక్కన నిలబడి ఉందని మాత్రం ఎవరూ చెప్పరు. ఎందుకు చెప్తారు? మంచి కథకు పంచరు వేసే అలవాటు ఆ ఊళ్ళో లేదు.

దేవిప్రియ చేసే పని ఫుట్‌బాల్. సరదాకి ఆడేది కాదు, పనిగా ఆడేది. మైదానం ఎడమ అంచున సున్నపు గీతను ఒరుసుకుంటూ పరిగెత్తే వింగర్ తను. కాపలా కాసే మనిషిని దాటాలి. దాటడానికి రెండే దారులు. గీత వెంట బయటికి పోయి, అక్కడి నుంచి బంతిని గోలు ముందుకు ఎగరేయడం ఒకటి. ఉన్నట్టుండి లోపలికి తిరిగి గోలు వైపే పోవడం రెండు. ఈ రెంటిలో ఏది చేస్తుందో ఎదుటిదానికి తెలియనంత సేపే వింగర్ బతుకు. తెలిసిందా, ఇక ఆ వింగర్ గీత పక్కన పాతిన జెండా కర్రతో సమానం.

వాళ్ళది ఎన్నో తరాల కిందట వచ్చి ఆ మట్టిలో పాతుకుపోయిన తెలుగు ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తిరుప్పూరు కంపెనీల్లో రెండూ కలిపి నమిలిన ఇంకో భాష. తండ్రి గురుసామి బనియన్ కంపెనీలో కటింగ్ మాస్టరు. తల్లి అదే కంపెనీలో చెకింగ్. ఇద్దరూ షిఫ్టుకు పోతే పిల్లను చూసుకునేది గురుసామి తల్లి తాయమ్మాళ్.

మొదటి బంతి కూడా కంపెనీదే. కటింగ్‌లో మిగిలిన బనియన్ వేస్టు ముక్కల్ని ఉండగా చుట్టి, పైన నడుము ఎలాస్టిక్ బిగించి గురుసామి చేసిచ్చాడు. పొడిగా ఉంటే అది దూది పింజె. వాన పడి తడిసిందా, రుబ్బురోలు గుండే. వీధిలో మగపిల్లలు తడిసిన రోజున దాని జోలికి వచ్చేవాళ్ళు కాదు. దేవిప్రియ మాత్రం ఆ రోజునే ఎడమకాలితో తన్నేది. ఒకసారి తన్నిన తన్నుకి అది ఎదురింటి రేకుల కప్పు మీద పడి, అక్కణ్ణించి జారి, మంగళూరు పోయే లారీలో పడి, వారం తర్వాత అదే లారీలో తిరిగొచ్చిందని వీధి వీధంతా ఒట్టేసి చెబుతుంది. డ్రైవరు దాన్ని తలకింద దిండుగా వాడుకున్నాడట. ఇచ్చేటప్పుడు బాధపడ్డాడట కూడా.

బళ్ళో టీచర్లు మాత్రం బాధపడలేదు. చరిత్ర తరగతిలో కిటికీ పక్కన కూర్చుని బయటి మైదానం చూస్తూ ఉండే పిల్ల, జిల్లా పోటీలకు పోతానంటే సంతోషంగా పంపించారు. బడి వల్ల ఆ పిల్లకు కలిగిన మేలు ఆ కిటికీయేనని చెప్పినా తప్పులేదు.

ఆ మొదటి పోటీకి ఆడపిల్లను ఒంటరిగా ఎలా పంపేదని తాయమ్మాళ్ తోడు బయలుదేరింది. సంచిలో పులిహోర, చంకలో ప్లాస్టిక్ స్టూలు. ఆట ఏమిటో ఆమెకు తెలియదు. ఇంతమంది ఒక్క బంతికి కొట్టుకోవడం ఏమిటి, తలా ఒకటి కొనిస్తే పోదా అని పక్కవాళ్ళను అడిగింది కూడా. కానీ కూర్చున్న చోటు మంచిది. ఎదుటి జట్టు కోచ్ ఆమె పక్కనే నిలబడి తన పిల్లలకు తమిళంలో అరుస్తున్నాడు. "ఆ ఎడమపక్క పొట్టిదాన్ని బయటికి పోనివ్వొద్దు, గీత దగ్గరే కాయండి!"

తాయమ్మాళ్‌కు తమిళం రాకేం. ఆమె గొంతెత్తి, ముద్దుగా కన్ను అని పిలుచుకునే మనవరాలికి తన ఇంటి తెలుగులో అందించింది.

"కన్ను! వీడు నిన్ను బయట అడ్డం పెట్టమంటుండాడు! లోపలికి తిరిగి పో!"

దేవిప్రియ లోపలికి తిరిగింది. గోలు. కోచ్ వెనక్కి తిరిగి చూశాడు. తాయమ్మాళ్ వెంటనే సంచిలోంచి ఫోన్ తీసి చెవికి ఆనించుకుని, ఊళ్ళో ఉన్న కోడలితో మాట్లాడుతున్నట్టు తల ఆడించింది. ఆ ఫోన్‌లో అప్పటికి సిమ్ కార్డు కూడా లేదు.

అక్కణ్ణించి మొదలైంది. ఈరోడు, సేలం, దిండుక్కల్, ఎక్కడ ఆడినా గీత అవతల తాయమ్మాళ్, చెవి దగ్గర ఫోన్. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారితే దేవిప్రియ ఎడమ అంచు అటు గట్టుకు పోతుంది. తాయమ్మాళ్ స్టూలు ఎత్తుకుని గోలు వెనకగా చుట్టి అటు చేరేది. "ఆ జడ పిల్ల అలిసిపోయింది, దానిమీదికే పో!" అనేది ఫోన్‌లో. రెఫరీలు చూసేవాళ్ళు. పాపం ముసలావిడ, కోడలితో పడటం లేదు కామోసు అనుకునేవాళ్ళు. ఇంట్లో నోట్లో నాలుక లేని ఆ కోడలు తమిళనాడు మైదానాలన్నింటిలోనూ గయ్యాళిగా పేరు మోసింది.

తమిళదేశం నడిబొడ్డున తెలుగులో అరిస్తే ఎవడికి తెలుస్తుంది? ఆ ఇళ్ళలో అందరికీ ఉన్న ధైర్యమే అది. బస్సులో పక్కవాడి మీసం గురించి, చీరల కొట్లో ఆ కొట్టువాడి పిసినారితనం గురించి, వాళ్ళ మొహం మీదే తెలుగులో మాట్లాడుకుని నవ్వుకునే ధైర్యం. తాయమ్మాళ్ దాన్ని మైదానం దాకా తెచ్చింది, అంతే.

అలా దేవిప్రియ జిల్లా ఆడింది, రాష్ట్రం ఆడింది. ఆటల కోటాలో కాలేజీవాళ్ళు ఒక సీటిచ్చారు, దాని మీద కూర్చున్న రోజులు తక్కువ. ఇరవై నిండకముందే కోయంబత్తూరులోని నొయ్యల్ క్లబ్బు జీతమిచ్చి తీసుకుంది. కన్నన్ అని కోచ్. సన్నగా, ఎప్పుడూ పళ్ళు నొప్పి ఉన్నట్టు మొహం పెట్టే మనిషి. మధ్యలో ఉండి గోలు కొట్టేది కలైసెల్వి, దేవిప్రియ అందిస్తే తన్నేది. ఏడేళ్ళు ఆ ఇద్దరూ కలిసి జాతీయ లీగు రెండో మెట్టులో ఎదుటి గోలు కీపర్లను ఏడిపించారు. ఒక కీపరైతే ఆట మానేసి నాగర్‌కోయిల్‌లో బేకరీ పెట్టుకుందట. బన్నులు బాగుంటాయట.

ఇంతలో మోకాలు తెగింది.

కోయంబత్తూరులో మామూలు ఆట. లోపలికి తిరగబోయింది, ఎడమకాలు నేలలో నిలిచిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. టక్కుమని చప్పుడు. గీత అవతల కూర్చున్న తాయమ్మాళ్‌కు ఆ చప్పుడు వినపడింది. ఇందులో పెంచి చెప్పిందేమీ లేదు. ఆ ముసలావిడకు నిజంగానే వినపడింది. "లోపలికి తిరుగు" అని అప్పుడే అరిచింది కూడా ఆవిడే.

ఆపరేషను, కట్లు, కర్రలు, గోడ పట్టుకుని నడక, మెట్లు ఎక్కడం, మళ్ళీ పరుగు. ఏడాది పైన పట్టింది. డాక్టరు మోకాలిని అటూ ఇటూ తిప్పి, ఇది కుడిదానికన్నా గట్టిగా ఉంది, కావాలంటే దీనితో బండి తొక్కి స్టార్టు చేసుకో అన్నాడు. దేవిప్రియ నమ్మింది. మోకాలు నమ్మలేదు. లోపలికి తిరిగే చోటు రాగానే కాలు తనంతట తానే గీత వెంట బయటికి పోయేది. తాయమ్మాళ్ ఫోన్‌లో కూడా ఇప్పుడు ఒకటే పాట. "కన్ను, లోపలికి వద్దు సామీ! బయటే పో! ఆ కాలు మీద బరువు పెట్టొద్దు!"

అలా సీజన్ చివరికి వచ్చింది. ఆఖరి ఆట మదురైలో, బెంగుళూరు జట్టుతో. ముందు రోజు ప్రాక్టీసు అయ్యాక కన్నన్ ఆమెను పక్కకు పిలిచాడు.

"ఏమ్మా, మోకాలు ఎలా ఉంది?"

"బాగుంది సార్."

"బాగుంటే సరే. తిరిగొచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా లోపలికి తిరగలేదు నువ్వు. నేను చూస్తూనే ఉన్నాను. బయటికి తప్ప పోని వింగర్‌ను ఏ డిఫెండరైనా నిద్రలో ఆపుతుంది." పళ్ళు నొప్పి మొహం ఇంకాస్త ముడుచుకుంది. "వచ్చే సీజనుకు ఎడమపక్కకి కొత్త పిల్లను అడుగుతున్నారు క్లబ్బువాళ్ళు. రేపటి ఆట చూసి చెప్తానన్నాను. నాకు పరుగు వద్దు, గోలు కూడా వద్దు. లోపలికి తిరిగి చూపించు. తిరిగితే నువ్వే. లేకపోతే నేను వాళ్ళతో వాదించలేను."

ఆ మాట ఆమె అవ్వకు చెప్పలేదు. చెబితే ఆ రాత్రి అవ్వ నిద్రపోదు, పోనివ్వదు.

మరునాడు తాయమ్మాళ్ కోయంబత్తూరు బస్సులో వచ్చి మదురై మాట్టుతావణి బస్టాండులో దిగింది. అక్కడి కూరగాయల మార్కెట్టులో టమాటా మండీ పెట్టుకున్న సుందరమూర్తి, ఆమె తమ్ముడి కొడుకు, ఎదురొచ్చాడు. వీళ్ళదీ తెలుగు ఇల్లే, మదురై తెలుగు. కోయంబత్తూరు వాళ్ళది తెలుగే కాదని మదురై వాళ్ళకు, మదురై వాళ్ళకు తెలుగు రాదని కోయంబత్తూరు వాళ్ళకు గట్టి నమ్మకం.

"రా అత్తా! ఏమి ఇంత చిక్కిపోయినావు? ఆ ఊళ్ళో కూడు పెట్టరా?"

"పెడ్తారు. నీ టమాటాల మాదిరి కుళ్ళింది పెట్టరు."

"ఆ స్టూలు ఏమిటికి అత్తా? మైదానంలో కుర్చీలు ఉండాయి."

"కుర్చీ నాతో నడిచొస్తుందేమిరా?"

ఆటోలో ఎక్కించి, డ్రైవరుకు మేనకోడలు ఫుట్‌బాల్ ఆడుతుందని, ఆమె కోసం బెంగుళూరు జట్టు గోలుకు ఇనుప తలుపు పెట్టించుకుందని తమిళంలో చెప్పాడు సుందరమూర్తి. డ్రైవరు అద్దంలో తాయమ్మాళ్‌ను చూసి, ఆడేది ఈవిడేనా అన్నాడు. తాయమ్మాళ్ కాదనలేదు.

ఆట మొదలైంది. దేవిప్రియ ఎడమ అంచు, అవతల స్టూలు, చెవికి ఫోన్. ఆమెను కాసేది బెంగుళూరు జట్టు కుడి డిఫెండరు మేనక. నల్లగా, పొడుగ్గా, నవ్వుమొహంతో, నడుము మీద చేతులేసుకుని నిలబడే పిల్ల.

మొదటి బంతి రాగానే తాయమ్మాళ్ మొదలుపెట్టింది. "కన్ను, ఇది తాటిచెట్టు మాదిరి ఉండాది, వంగలేదు! బయట పో!"

దేవిప్రియ బయటికి పోయింది. మేనక అక్కడే ఉంది, ముందే వచ్చి నిలబడి ఉన్నట్టు. బంతి తీసుకుని పోయింది.

రెండోసారి. "లోపలికి వద్దు కన్ను! ఆ ఎడమ మోకాలు మీద బరువు పెట్టొద్దు! బయటే!"

బయట మేనక. మూడోసారీ మేనకే. దేవిప్రియ ఆగినట్టు చేసి పరిగెత్తింది, పరిగెత్తినట్టు చేసి ఆగింది, ఏం చేసినా ఆ పొడుగు కాళ్ళు గీత పక్కనే కాసుకుని ఉన్నాయి. లోపల అంతా ఖాళీ. గోలు దాకా పెళ్ళి ఊరేగింపు పోయేంత ఖాళీ. మేనక ఆ వైపు చూడటం కూడా లేదు. ఇంతలో బెంగుళూరు వాళ్ళు ఒక గోలు కొట్టారు. బెంచీ దగ్గర కన్నన్ చేతులు కట్టుకుని దేవిప్రియనే చూస్తున్నాడు. బంతి ఎక్కడుందో కూడా పట్టించుకోవడం లేదు.

సగం ఆట ముగిసే వేళకు బంతి గీత దాటి తాయమ్మాళ్ స్టూలు కాళ్ళ దగ్గరికి దొర్లింది. మేనక తీసుకోవడానికి వచ్చింది. వంగి బంతి అందుకుని, అలాగే వంగి ఉండి, అచ్చ తెలుగులో అంది.

"అవ్వా, ఆ ఫోను పెట్టెయ్. చార్జింగు అయిపోతాది. నువ్వు చెప్పేదంతా నాకు బాగా అర్థమైతాంది."

తాయమ్మాళ్ ఫోన్ చేతిలోంచి జారి గడ్డిలో పడింది. ఎన్నో ఏళ్ళుగా ఎదుటి జట్టులోంచి ఆమెకు ఎవరూ తెలుగులో బదులు చెప్పలేదు. మైదానం మధ్యలో ఆవు మాట్లాడినా ఆమె అంత అదిరిపడేది కాదు.

"నువ్వు... నువ్వు ఏ ఊరు పిల్లా?"

"హిందూపురం పక్కన అవ్వా. మోకాలి సంగతి చెప్పి మంచి పని చేసినావు. మా కోచ్ అయినా ఇంత బాగా చెప్పలేదు." పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, మేనక బంతి విసిరి పరిగెత్తింది.

గీత ఇవతల నిలబడిన దేవిప్రియ అంతా విన్నది. ముందు వంగి ఎడమ మోకాలు తడుముకుంది. ఆ తర్వాత, ఎంత ఆపుకున్నా ఆగక, నవ్వొచ్చింది. ఈల ఊదగానే జట్టుతో పోకుండా సరాసరి స్టూలు దగ్గరికి నడిచింది.

తాయమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. "నేనే చెడగొట్టినా కన్ను. నీ కాలు సంగతి నేనే దానికి పళ్ళెంలో పెట్టి ఇచ్చినా. వాండ్లకు మన మాట తెలుస్తుందని నాకెట్ల తెలుసు?"

"పోనీ అవ్వా."

"ఏమి పోనీ! బయట పోతే అది ఉండాది. లోపలికి పోతే..." ఆమె చూపు మనవరాలి ఎడమ మోకాలి మీద పడింది.

దేవిప్రియ ఆమె ముందు కూర్చుంది. కన్నన్ చెప్పిందంతా అప్పుడు చెప్పింది. లోపలికి తిరగాలని, తిరగకపోతే ఎడమపక్క ఇంకెవరికో పోతుందని, ఈ పూటతో సరి అని.

"నిన్ననే ఏమిటికి చెప్పలేదు?"

"చెప్తే వద్దంటావని."

"వద్దనే అంటా." తాయమ్మాళ్ కళ్ళు తుడుచుకుంది. "మళ్ళా తెగితే?"

"డాక్టరు తెగదన్నాడు."

"డాక్టరుకేం? చప్పుడు విన్నది వాడా?"

"నేనూ విన్నాను అవ్వా. నా కాల్లోనే కదా వచ్చింది." దేవిప్రియ ఆ చేతులు పట్టుకుంది. "రోజూ వినపడుతుండాది. తిరగబోతే ముందు అది వినపడుతుంది, వెంటనే నీ గొంతు వినపడుతుంది. రెండూ ఒకటే చెప్తుండాయి. నాకు నా కాలు ఏమి చెప్తుందో వినాలని ఉండాది. ఒక్క సగం ఆట."

తాయమ్మాళ్ గడ్డిలో పడిన ఫోన్ తీసి, తుడిచి, సంచిలో పెట్టింది. ఆట మధ్యలో ఆ ఫోన్ సంచిలోకి పోవడం అదే మొదటిసారి. అవతల జట్లు వైపులు మారుతున్నాయి. దేవిప్రియ ఎడమ అంచు దూరంగా అటు గట్టుకు పోతుంది. స్టూలు ఎత్తుకుని గోలు వెనకగా నడవాల్సిన వేళ.

"నువ్వు పో కన్ను," అంది ఆమె చివరికి. "నేను ఈడే కూర్చుంటా. నోరు తెరవను. మారియమ్మ మీద ఒట్టు."

అటు గట్టు నిశ్శబ్దంగా ఉంది. నిశ్శబ్దం అంటే జనం లేరని కాదు. సుందరమూర్తి మండీలో మూటలు మోసేవాళ్ళను కూడా వెంటబెట్టుకొచ్చి ఈలలు వేయిస్తున్నాడు. అయినా దేవిప్రియకు ఆ పక్కన నీళ్ళపంపు కట్టేసినట్టుంది. బంతి కాలికి తగిలింది, ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. కాలు అలవాటు కొద్దీ గీత వెంట బయటికి పోయింది. మేనక చేతిలో పెట్టినంత సులువుగా బంతి తీసుకుంది.

"ఇప్పుడెవరూ చెప్పడం లేదా అక్కా?" పక్కనే నడుస్తూ మేనక అడిగింది.

"సెలవు పెట్టింది."

"పర్వాలేదులే. చెప్పాల్సింది ముందే చెప్పేసింది. నువ్వు లోపలికి తిరగవు."

ఆ మాటలో ఎగతాళి కూడా పెద్దగా లేదు. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. దేవిప్రియ సాక్సు పైకి లాక్కుంది.

మళ్ళీ బంతి వచ్చినప్పుడు ఆమె ఆలోచించలేదు. బయటికి రెండడుగులు వేసి, ఎడమకాలు నేలకు తన్ని, లోపలికి తిరిగింది. తిరిగి దబ్బున పడింది.

సుందరమూర్తి మనుషుల ఈలలు ఆగిపోయాయి. దూరంగా అటు గట్టున తాయమ్మాళ్ లేచి నిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. కలైసెల్వి పరిగెత్తుకొచ్చింది. "దేవీ! మోకాలా?"

దేవిప్రియ గడ్డిలో బోర్లా పడుకుని నొప్పి కోసం చూసింది. మొహం కింద తడి మట్టి వాసన. నొప్పి రాలేదు. ఇంకాస్త చూసింది. రాలేదు. పొద్దున నీళ్ళు పట్టిన చోట బూటు జారింది, అంతే. ఆపరేషను తర్వాత మొదటిసారి ఆ కాలు మీద బరువు పెట్టి తిరిగింది, కాలు ఏమీ అనలేదు. పడేసింది మైదానం.

"మోకాలు కాదే," అంది లేస్తూ. "బురద."

"బురదకా అంత సేపు పడుకున్నావు? నేను అంబులెన్సు పిలవబోయాను, పిచ్చిదానా!" అని కలైసెల్వి ఆమె వీపు మీద ఒకటి వేసింది.

ఈసారి బంతి రాగానే బయటికి భుజం వంచింది. మేనక బయటికి పోయింది. దేవిప్రియ లోపలికి. మేనక పొడుగు కాలు గాలిలో మిగిలిపోయింది. ముందంతా ఖాళీ, అంతసేపూ తన కోసమే ఊడ్చి పెట్టినట్టు. కలైసెల్వి చెయ్యెత్తింది, దేవిప్రియ అందించింది, కలైసెల్వి తన్నింది. ఆ బంతి గోలు మీదుగా, గోడ మీదుగా పోయింది. వైగై నది దాటి అవతల పడిందని మూటలు మోసేవాళ్ళు అన్నారు, అంత పోలేదు గానీ ఇంకో బంతి తేవాల్సి వచ్చింది.

"ఇదా నువ్వు చేసేది? ఏడాది నుంచి కాచుకుని ఉంటే!" అని దేవిప్రియ అరిచింది.

"నువ్వు లోపలికి వస్తావని నాకెవరు చెప్పారు!" అని కలైసెల్వి తిరిగి అరిచింది.

మేనక దగ్గర నవ్వు తగ్గింది. ఇప్పుడు ఆమె గీత పక్క నిలబడాలా లోపల నిలబడాలా తెలియక మధ్యలో నిలబడింది. అక్కడ నిలబడినవాళ్ళని వింగర్లు దేవుడిచ్చిన వరంగా చూస్తారు. దేవిప్రియ ఒకసారి బయటికి పోయింది. ఒకసారి లోపలికి. మళ్ళీ లోపలికి. ఒకసారి బంతిని మేనక కాళ్ళ మధ్యగా పంపి తను చుట్టూ తిరిగి అందుకుంది. అది అవసరం లేదు, చూసేవాళ్ళకు సరదాగా ఉంటుందని చేసింది.

"అక్కా, నువ్వు అవ్వతో కలిసి నన్ను మోసం చేసినావు!" అంది మేనక రొప్పుతూ.

"మా అవ్వ అబద్ధం చెప్పలేదు. ఆ మాట అప్పటికి నిజం."

ఆట చివరికొచ్చింది. దేవిప్రియ మళ్ళీ లోపలికి తిరిగింది. ఈసారి కలైసెల్వికి ఇవ్వలేదు, నమ్మకం లేక. కుడికాలితో తనే తన్నింది. ఇవాళ అవినాశిలో అడిగితే ఆ బంతి వల చించుకుని అవతల కొబ్బరిచెట్టుకు తగిలి కాయలు రాల్చిందంటారు. అసలు జరిగింది వేరు. ఆ కుడికాలు ఎప్పుడూ అన్నం తినడానికి పనికిరాని ఎడమచేతి లాంటిది. బంతి తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ దొర్లి, కీపరు చేతుల కిందుగా, గీత మీద కాసేపు ఆలోచించి, లోపలికి పోయింది. గోలే. ఆట సమానమై ముగిసింది. ఎవరూ గెలవలేదు.

ఈల పడ్డాక మేనక తాయమ్మాళ్ దగ్గరికి వెళ్ళి గడ్డిలో కూలబడింది. దేవిప్రియ వచ్చేసరికి ఇద్దరూ ఏనాటి నుంచో ఎరిగినట్టు మాట్లాడుకుంటున్నారు.

"మీ మాట మా ముత్తవ్వ మాట మాదిరుండాది అవ్వా. ఊళ్ళో ఇప్పుడెవరూ ఇట్ల అనరు."

"నీ మాట మాత్రం ఏమి? పాటగా ఉండాది. పెండ్లి అయిందా?"

"అవ్వా!" అంది దేవిప్రియ.

"అడిగితే ఏమి తప్పు? మన సుందరమూర్తికి ఇద్దరు కొడుకులు ఉండారు."

కన్నన్ మైదానం అడ్డంగా నడిచొచ్చాడు. మొహం అలాగే ఉంది, పళ్ళు నొప్పి మొహం. దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. దేవిప్రియ జెర్సీకి అంటిన బురద దులుపుకుంది. తాయమ్మాళ్ లేచి నిలబడింది.

"ఎన్నిసార్లు తిరిగావు?" అని అడిగాడు.

"లెక్కపెట్టలేదు సార్."

"నేను కూడా మానేశాను, నాలుగో దానికి." నీళ్ళసీసా మూత తీసి, తాగకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "క్లబ్బువాళ్ళతో ఇప్పుడే ఫోన్లో మాట్లాడాను. కొత్త పిల్లను తీసుకుంటారు. ఆమె నీ దగ్గర నేర్చుకుంటుంది. ఎడమపక్క నీది. వచ్చే నెల మొదటి సోమవారం ప్రాక్టీసు, ఆలస్యం చేయొద్దు." రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "ఆ కుడికాలితో మాత్రం ఇంకోసారి తన్నితే తీసేస్తాను."

దేవిప్రియ సరేనన్నట్టు తల ఆడించింది.

తాయమ్మాళ్‌కు మాట్లాడటానికి అడ్డేమీ లేదు, ఒట్టు సగం ఆటకే కాబట్టి. "సార్," అంది తమిళంలో, "వచ్చే సీజను మొదటి ఆట ఏ ఊళ్ళో?"

కన్నన్ చాలా ఏళ్ళలో మొదటిసారి నవ్వాడు. "హైదరాబాదులో అవ్వా. మీరు రావాల్సిందే."

తాయమ్మాళ్ ఒక క్షణం లెక్కేసుకుంది. ఆ ఊరంతటికీ, చివరికి అక్కడి రెఫరీకి కూడా, తన తెలుగు అర్థమవుతుంది. మనవరాలి వైపు తిరిగింది. "అయితే నాకేం పని ఉండాది కన్ను ఆడ?"

"కూర్చుని చూడు అవ్వా," అంది దేవిప్రియ, బూటు తాడు విప్పుకోవడానికి ఒక మోకాలు నేల మీద ఆనించి వంగుతూ. "ఇన్నేళ్ళూ అరుస్తూనే ఉండావు. నేను ఆడేది నువ్వు ఎప్పుడు చూసినావు?"

ఆనించింది ఎడమ మోకాలు. అది ఆమె గమనించలేదు. తాయమ్మాళ్ గమనించింది, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని చూసింది.